వరండా తలుపు మీది చుక్కలు

అమ్మకు,

నేను కులాసా, నా కట్టడం కూడా కులాసానే, బెంగ పెట్టుకోకు. చెరువు చూడవచ్చేవాళ్ళ కోసం నేను గీసిన భవనం పూర్తికావచ్చింది. పైకప్పు మీద ఒడ్డున ఉన్న గడ్డే పెంచాం, గోడలకు పక్క గుట్ట రాయే వాడాం. అవతలి గట్టు నుంచి చూస్తే అక్కడ ఏదో కట్టారని ఎవరూ పోల్చుకోలేరు. మా పెద్ద ఇంజనీరు మూడు రోజులు మెచ్చుకున్నాడు. నాలుగో రోజు ముందువైపు అద్దాలు బిగించాం. మధ్యాహ్నానికల్లా ఒక పిట్ట అద్దంలో కనబడే చెరువే నిజమనుకుని రివ్వున వచ్చి గుద్దుకుని కిందపడింది. మేస్త్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. అది తేరుకుని ఎగిరిపోయాక, "బాగానే దాచారమ్మా, దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు మన వరండా అద్దం తలుపు గుర్తొచ్చింది. నాన్న దానికి గుద్దుకుని ముక్కు పగలగొట్టుకున్నాక నువ్వు దాని నిండా కాగితం చుక్కలు అంటించావు కదా, ఆ తర్వాత పిచ్చుకలు కూడా దాని జోలికి రాలేదు. చుక్కకీ చుక్కకీ మధ్య రెండు వేళ్ళ దూరమా, మూడా? కొలిచి వెంటనే రాయి, ఇక్కడి అద్దాలకూ అలాగే చుక్కలు పెట్టిస్తాను. ఇది ఏ పుస్తకంలో ఉందని ఇంజనీరు అడిగితే, మా అమ్మ తలుపు మీద ఉందన్నాను.

కుట్టుమిషను బాగుచేయించావా? నా పాత గొడుగు చెల్లికి ఇచ్చేయి, అడిగి అడిగి అలిసిపోయింది. ప్రారంభం రోజున నువ్వూ నాన్నా తప్పకుండా రావాలి. అద్దాల దగ్గర నాన్ననే ముందు నడవమంటాను. ఆయన ముక్కు క్షేమంగా ఉంటే పిట్టలకు భయం లేనట్టే.

మీ ఇద్దరికీ నమస్కారాలతో,
నీ పెద్దది