గొంతు నొప్పి మాత్రలు తెచ్చిన నింద

మదనపల్లెలోని పద్మక్కకు, కుప్పం నుంచి నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వూ బావా పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేనిప్పుడు బాగున్నాను. ముందే చెబుతున్నాను, కంగారు పడొద్దు. ఫోనులో చెబుదామంటే పక్కింటికి వినిపిస్తుంది, పైగా ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను.

పుంగనూరు నుంచి కాపురం మార్చి వచ్చాక ఇక్కడి ముసురు నాకు పడలేదు. నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో దూది దుమ్ము. మాటిమాటికీ గొంతు నొప్పి. సెలవు పెట్టలేక ప్రతిసారీ మందుల షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగాను. తర్వాత విరేచనాలు. ఆ వెనకే, ఎలా రాయాలో తెలియడం లేదక్కా, కింద భరించలేని దురద, మంట, పాలు విరిగినట్టు తెల్లబట్ట. మీ మరిదిని దగ్గరికి రానివ్వలేకపోయాను. కారణం చెప్పాను.

ఆయన నా మొహంలోకి చూసి, "నాకేం లేదే. నీకు యాడ తగులుకునింది ఈ రోగం?" అన్నాడు.

చేతిలో సంగటి ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాట నన్నే అన్నాడని అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఏడుపు కూడా రాలేదు. "రేపు ఆస్పత్రికి పోతాండాను. నువ్వూ రా" అన్నాను.

లేడీ డాక్టరు పరీక్ష చేసి, మొదట అడిగింది మాత్రల గురించే. చెప్పగానే తల పట్టుకుంది. బయట కూర్చున్న ఆయన్ను లోపలికి పిలవమని నేనే అడిగాను.

"సూడప్పా, ఇది తప్పు చేస్తే వచ్చే రోగం కాదు" అంది ఆమె. "పేగుల్లోనూ, ఆడోళ్ళకి ఆ భాగంలోనూ మంచి బ్యాక్టీరియా ఉంటాది. ఈ మాత్రలకి అది సచ్చిపోయింది. దాంతో ఒంట్లో ఎప్పుడూ ఉండే ఫంగస్ పెరిగిపోయింది. ఆ విరేచనాలూ ఆ మాత్రల వల్లే."

నేను నోరు తెరుచుకుని విన్నాను. గొంతుకు మింగిన మాత్ర ఒంట్లో ఎక్కడికి పోయి, ఏం చేసిందో చూడు! ఆమె ఇచ్చిన మందుతో తగ్గింది. మజ్జిగ తాగమంది కానీ, దాన్నే మందనుకోవద్దంది. పాపకు జలుబు చేసినప్పుడల్లా నువ్వు షాపులో మాత్రలు తెస్తావు కదా, దయచేసి మానెయ్యి.

ఇంటికొచ్చాక ఆయన, "కోపంగా ఉండావా?" అన్నాడు.

"డాక్టరు చెప్తే నమ్మినావు. నేను చెప్తే యాల నమ్మలే?" అన్నాను. ఆరోజు నుంచీ ఇంట్లో మాటలు తక్కువ.

వీలైతే చెనక్కాయల పొడి పంపు. అమ్మకూ బావకూ నా దండాలు. పాపకు ముద్దులు. మీ దీవెన నా మీద ఉండనీ.

ఇది రాస్తుంటే ఆయన వచ్చి, ఎవరికని అడిగాడు. అక్కకు, జరిగిందంతా రాస్తున్నానన్నాను. వద్దంటాడనుకున్నాను. కానీ పక్కనే కూర్చుని, "ఆరోజు నేను నిన్నన్న మాట కూడా రాయి" అన్నాడు. రాశాను.

నీ చెల్లెలు,
సుజాత