ఆగిపోయిన పూల్ మెషీన్

2003 నవంబర్ 10

పూల్ మెషీన్ ఆగిపోయింది.

నవంబర్ 11

నిన్న ఒక్క లైను రాసి పడుకున్నాను.

మెషీన్ అంటే పళ్లెమంత ప్లాస్టిక్ డబ్బా. పొడుగాటి పైపుతో స్విమ్మింగ్ పూల్ గోడలోని రంధ్రానికి తగిలిస్తాం. పంపు నీళ్లు లాగుతుంటే అది తనంతట తనే అడుగున పాకుతూ మట్టీ ఆకులూ పీల్చేస్తుంది. అరకులో మా రిసార్ట్ మొదలైనప్పటి నుంచీ దాన్ని తోమాయే నడిపాడు. తోమా నా భర్త. సెప్టెంబర్‌లో ఘాట్ రోడ్డులో జీపు బోల్తా పడింది. అందులో తోమా ఉన్నాడు. తర్వాత ఆ పని నాకిచ్చారు.

మేనేజర్ వరహాలరావు గారు పిలిచారు. శనివారం పెద్ద గ్రూప్ వస్తోందట. అప్పటికి మెషీన్ నడవకపోతే విశాఖ నుంచి మెకానిక్‌ని పిలిపించి, పూల్ డ్యూటీ అతనికే ఇస్తామన్నారు. కోపంగా అనలేదు. సరే సర్ అన్నాను.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. పోతే పోనీ అంది. చింతపల్లిలో మీ అన్న దగ్గరికి వెళ్లిపో, కొడుకే లేని ఇంట్లో కోడలెందుకు అంది. నా ముందు అంబలి గిన్నె పెడుతూనే అంది. బాధేమీ అనిపించలేదు. అంబలిలో ఉప్పు ఎక్కువైందని మాత్రం తెలిసింది.

నవంబర్ 12, ఉదయం

పంపు ఆపి మూత తీశాను. లోపలి బుట్ట నిండా సిల్వర్ ఓక్ ఆకులు. కడిగి పెట్టాను. మెషీన్ కదల్లేదు.

గోడ రంధ్రానికి అరచేయి అడ్డం పెట్టాను. గట్టిగా లాగింది. అంటే పంపు మంచిదే.

మధ్యాహ్నం

మెషీన్ ఒడ్డుకు తీసి స్క్రూలు విప్పాను. దాని గొంతులో ఏమీ ఇరుక్కోలేదు. రబ్బరు చినగలేదు. మళ్లీ బిగించి, పైపులో గాలి పోవాలని నడుం లోతు నీళ్లలో నిలబడి దాన్ని ముంచాను. ఒడ్డు మీద నుంచి ఒక గెస్ట్, నీళ్లు బాగా చల్లగా ఉన్నాయా అని అడిగింది. తెలీదు మేడమ్ అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

నవంబర్ 13

ఈ రోజు ఏమీ చేయలేదు. గట్టు మీద కూర్చున్నాను. రిసెప్షన్‌కు అన్నయ్య ఎజ్రా ఫోన్ చేశాడు. ఆదివారం జీపు తీసుకుని వస్తాడట. బట్టలు సర్దుకోమన్నాడు. సరే అన్నాను.

అన్నిటికీ సరే అనే అంటున్నాను.

నవంబర్ 14

నీళ్లు తిరిగి పూల్‌లోకి వచ్చే చోట బుడగలు కనిపించాయి. రెండు మూడు కాదు, వరసగా వస్తూనే ఉన్నాయి. పంపు ఎక్కడి నుంచో గాలి మింగుతోంది. గాలి మింగితే లాగుడు తగ్గుతుంది. మెషీన్ దాకా బలం చేరదు.

నీళ్ల మీద తేలే పైపు మొత్తం చేత్తో తడిమి చూశాను. ఏమీ దొరకలేదు. తోటమాలి భీముడిని పిలిచాను. ఇద్దరం పైపును రెయిలింగ్ మీద వేలాడదీసి, కింది కొస కట్టేసి నీళ్లు నింపాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత భీముడు అరిచాడు.

"బేగి రామ్మా, ఇక్కడ కారతంది!"

ఒక ముక్క మడతలో వెంట్రుకంత చీలిక. వంచితేనే తెరుచుకుంటోంది. ఆ పైపు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి దూరుస్తాం. పాడైన ముక్క తీసేసి మిగతావి కలిపాను. పంపు వేశాం. బుడగలు ఆగాయి. మెషీన్ ఒకసారి వణికి, కదిలింది.

భీముడు చప్పట్లు కొట్టాడు. నేను పంపు గది కడగడానికి వెళ్లాను.

నవంబర్ 15

గ్రూప్ వచ్చింది. పైపు పొట్టిదైపోయి మెషీన్ లోతు వైపు మూల దాకా పోవడం లేదు. ఆ మూల నేనే బ్రష్‌తో తోశాను. వరహాలరావు గారు చూసి, కొత్త ముక్క తెప్పిస్తానన్నారు. మెకానిక్ మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం అత్తమ్మ వచ్చింది. కొడుకు పని చేసిన అన్నేళ్లలో ఎప్పుడూ ఇటు రాలేదు. క్యారేజీ నా చేతికిచ్చి నీళ్లలోకి చూస్తూ నిలబడిపోయింది.

"మావోడు సేసే పని ఇదేనేటే?"

ఇదే అన్నాను.

"నానేటో బురదలో దిగి కడుగుతాడనుకున్నాను," అంది. గట్టు పక్కన చతికిలబడింది. సాయంత్రం దాకా లేవలేదు. మెషీన్ మెట్ల దగ్గర ఇరుక్కుంటే నా మీద కేకలేసింది. "అటు తిప్పవే! సూత్తా నిలబడతావేటి?"

తిప్పాను. అది కదిలిపోతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు.

నవంబర్ 16

గ్రూప్ ఉందని ఆదివారమైనా డ్యూటీకి రమ్మన్నారు. బట్టలు సర్దలేదు. ఇంటికొచ్చేసరికి వాకిట్లో జీపు లేదు. అన్నయ్య రాలేదా అని అడిగాను. వచ్చాడు, పంపేశాను అంది అత్తమ్మ. ఏమని పంపావన్నాను.

"మా గుంట డ్యూటీకెల్లింది, దానికిక్కడ పనుందని సెప్పాను." పొయ్యి వైపే చూస్తూ అడిగింది. "నీకు ఎల్లాలనుందేటి?"

లేదన్నాను. ఇన్ని రోజుల్లో సరే అనకుండా కాదన్నది ఇదే మొదటిసారి.

అయితే కూర్చుని తిను అంది.

నవంబర్ 17

అన్నయ్యకు ఫోన్ చేశాను. క్షమించమందామని చేసి, ఏం మాట్లాడాలో తెలియక పైపు సంగతి చెప్పాను. గాలి సంగతి, చీలిక సంగతి, అన్నీ చెప్పాను. అన్నయ్య ఊఁ కొడుతూ విన్నాడు. చివర్లో, తోమా చనిపోయాడన్నయ్యా అని చెప్పాను, అన్నయ్యకు తెలియనట్టు.