గోడ మీద వీడియో గేమ్

ఎడ్లపాడు

నరసరావుపేట ఫర్హీన్ ఎలక్ట్రానిక్స్ ఓనరు ఫర్హీన్‌కి,

ఎడ్లపాడు గోపాలకృష్ణయ్య కోపంతో రాయునది. ఉత్తరాన్ని నమస్కారంతో మొదలుపెట్టడం మా ఇంటి పద్ధతి. ఈసారి ఆ నమస్కారం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మిషన్ బాగుపడితే పంపుతాను.

మీ దగ్గర కొన్న వీడియో గేమ్ పనిచేయడం లేదు. స్టాండ్ టీవీ పక్కన పెట్టాను. మీరు చూపించిన వైరు మీరు చూపించిన బొక్కలోనే దూర్చాను. ఛార్జర్ ప్లగ్గులో పెట్టాను. పెట్టె మీద బొమ్మలో కార్లు పరిగెత్తుతున్నాయి, మనుషులు గాల్లో ఎగురుతున్నారు. మా టీవీలో మాత్రం నల్లటి తెర, అందులో నా మొహం. నా మొహం చూసుకోవడానికి మా ఇంట్లో అద్దం ఉంది. ఇక రిమోట్ సంగతి. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినప్పుడు దాని మీది చిన్న దీపం బాగానే వెలిగింది. వారం తిరక్కుండానే ఆరిపోయింది.

నేను ఆటలాడే వయసువాణ్ణి కాదని మీకు తెలుసు. ఇది మా అమ్మ పున్నమ్మ కోసం కొన్నది. ఆవిడ గొడ్లచావిట్లో జారిపడితే కుడి భుజం విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. మీ ఊళ్ళో కసరత్తులు చేయించే ఫిజియోథెరపీ ప్రసన్న ఇలాంటి గేమే పెట్టి, రిమోట్ చేతికిచ్చి, చెయ్యెత్తి టీవీలో బంతిని కొట్టమంది. కసరత్తు అంటేనే బూతులు తిట్టే మనిషి అక్కడ నవ్వుకుంటూ కొట్టింది. "నాకిది కొనిపెట్టండిరా, నా జుట్టు నేనే ముడేసుకుంటా" అంది. ఒకప్పుడు ఊరందరికీ జడలేసిన మనిషి, ఇప్పుడు దువ్వెన పట్టుకుని కోడళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను. అందుకే నేనూ మా తమ్ముడు రవిశంకర్ సగం సగం వేసుకుని కొన్నాం.

వారంలోగా మిషన్ మార్చి ఇవ్వకపోతే కన్స్యూమర్ కోర్టులో కలుద్దాం. ఫోన్ చేయొద్దు. ఫోన్లో మాట గాలికి పోతుంది, కాగితం కోర్టులో నిలబడుతుంది.

ఇట్లు,
గోపాలకృష్ణయ్య

తా.క.: రిజిస్టర్ పోస్టు ఎత్తేసి స్పీడు పోస్టులో కలిపేశారట. ఇందులో కూడా మీ చెయ్యేమన్నా ఉందా?

•

నరసరావుపేట

గోపాలకృష్ణయ్య బాబాయ్ గారికి,

ఫర్హీన్ నమస్కారాలు. మీ నమస్కారం మీ దగ్గర ఆగిపోయినా నాది బయల్దేరింది, తీసుకోండి.

ఒకే ఒక్క ప్రశ్న. స్టాండ్ టీవీ పక్కన పెట్టారు సరే, ఆ స్టాండ్‌లో స్క్రీన్ పెట్టారా? టీవీకి బొమ్మ పంపేది స్క్రీనే. స్టాండ్ ఉత్త పీట. పీట వేసి ఆకు వెయ్యకుండా అన్నం ఏదంటే ఎట్లా?

ఇవన్నీ కొనేముందే చెప్పాను. ఇది హైబ్రిడ్ మిషన్, ఇంట్లో టీవీకి తగిలించీ ఆడొచ్చు, ఊడదీసి చేతిలో పట్టుకునీ ఆడొచ్చు అన్నాను. మీ ఫోన్లో ఉన్న పాత మెమరీ కార్డు దీనికి పనికిరాదన్నాను. కొన్ని ఆటలకి డబ్బాలో కార్డున్నా ఆట ఉండదు, నెట్‌లోంచి దించుకోవాలని చెప్పి, మీ టెన్నిస్ ఆట నేనే కూర్చుని దించి ఇచ్చాను. మీరేమో ఫ్యాన్ల వైపు, మీ తమ్ముడుగారేమో మిక్సీల వైపు తిరిగి నిలబడ్డారు. నా మాటలు విన్నది మీతో వచ్చిన మామ్మగారొక్కరే. "అన్నీ ఒకచోట ఉంటేనే ఆడుద్దా అమ్మాయ్? ఏది లేకపోయినా ఆడదా?" అని గుచ్చి గుచ్చి అడిగారు.

మిషన్‌లో లోపముంటే మార్చి ఇస్తాను. ముందు స్క్రీన్ స్టాండ్‌లో పెట్టి చూడండి.

మీ
ఫర్హీన్

తా.క.: మీ తమ్ముడుగారు కూడా ఉత్తరం రాశారు. ఆయన స్క్రీన్ వెలగడం లేదట. ఒక మిషన్ అమ్మితే రెండు కంప్లయింట్లు రావడం మా షాపులో ఇదే మొదలు.

•

ఎడ్లపాడు

ఫర్హీన్‌కి,

గోపాలకృష్ణయ్య రాయునది. నమస్కారం ఇప్పటికీ లేదు.

వాడు ముందే రాశాడన్నమాట! ఇప్పుడర్థమైంది. వాడూ మీరూ ఒకటై నాకు ఉత్త పీట అంటగట్టారు. స్క్రీన్ నా దగ్గర ఎందుకుంటుంది? అది రవిశంకర్ వాటా.

మీకు మా సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నాను. మా నాన్న పోయాక అన్నీ పెద్దమనుషుల్లో పెట్టి పంచుకున్నాం. ఇంటి నడిమధ్యన గోడ లేచింది. ఆనాటినుంచి వాడి గడప నేను తొక్కలేదు, నా గడప వాడు తొక్కలేదు. అమ్మ ఒక నెల నా దగ్గర, ఒక నెల వాడి దగ్గర. నాన్న మంచం కూడా పంచుకున్నాం. కోళ్ళూ పట్టెలూ నాకు, నవారు వాడికి. ఎవరి వాటా వాళ్ళ అటకమీద భద్రంగా ఉంది. ఇంతవరకూ ఒక్క గొడవ రాలేదు.

ఈ మిషన్ కూడా అలాగే పెదకోటయ్య చేత పంచించాం. ఊళ్ళో ఆయన తీర్పుకి తిరుగులేదు. "టీవీలో ఆడేది ఒక రకం, చేత్తో పట్టుకు ఆడేది ఒక రకం అని షాపమ్మాయే చెప్పిందంటగా. రెండు రకాలు, రెండిళ్ళు. ఇంకేందిరా మీ గొడవ?" అన్నాడు. స్టాండ్, వైరు, ఛార్జర్, ఒక రిమోట్ నాకు. స్క్రీన్, ఆట కార్డు, ఒక రిమోట్ వాడికి. న్యాయంగానే ఉంది. మీ మిషనే న్యాయంగా లేదు.

స్క్రీన్ లేకుండా ఆడే స్టాండ్ పంపండి.

ఇట్లు,
గోపాలకృష్ణయ్య

తా.క.: వాడి రిమోట్ వెలుగుతోందా? వెలుగుతుంటే నాకు వెంటనే రాయండి.

•

నరసరావుపేట

బాబాయ్ గారికి,

ఫర్హీన్ నమస్కారాలు. మీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, మంచం పంపకం దగ్గరికొచ్చేసరికి కూర్చున్నాను.

పంచుకున్నారా? వీడియో గేమ్ పంచుకున్నారా? మా నాన్న జీవితమంతా ఈ షాపులోనే రేడియోలు బాగుచేశారు. ఎలకలు దూరిన రేడియోలొచ్చాయి, బావిలో పడిన రేడియోలొచ్చాయి. బ్యాటరీలు అన్నకీ స్పీకరు తమ్ముడికీ ఇచ్చిన రేడియో మాత్రం ఎప్పుడూ రాలేదు.

కోపం దిగమింగి చెబుతున్నాను, ఈసారి ఫ్యాన్ల వైపు చూడకుండా వినండి. మీ టీవీలో బొమ్మ రావాలంటే ఆయన స్క్రీన్ కావాలి. ఆయన స్క్రీన్ వెలగాలంటే మీ ఛార్జర్ కావాలి, వాళ్ళింట్లో పాత ఫోన్ ఛార్జర్ దానికి పట్టదు. రిమోట్లకి ఛార్జింగ్ ఎక్కాలంటే రెంటినీ స్క్రీన్‌కి చెరో పక్క తగిలించాలి. కాబట్టి ఆయన రిమోట్ కూడా వెలగడం లేదు, మీ కడుపు చల్లబడిందా?

నాకు అసలు కోపం దానికి కాదు. ప్రసన్న నిన్న షాపుకొచ్చింది. మామ్మగారి భుజం బిగుసుకుపోతోందట. "ఈ వేసవి దాటితే ఇంక ఆ చెయ్యి లేవదక్కా, ఆమె ఆ ఆట ఒక్కటే ఇష్టంగా ఆడుద్ది" అంది. మీరేమో రిమోట్‌కి పసుపు పూసి అలమరాలో పెట్టుకున్నారు. ఎవరి గడప ఎవరు తొక్కుతారో నాకనవసరం. ముక్కలన్నీ ఒకచోట పెట్టి, ఆ రిమోట్ మామ్మగారి చేతిలో పెట్టండి. తాడు మణికట్టుకి తగిలించండి, లేకపోతే విసిరినప్పుడు చేజారుతుంది.

ఫర్హీన్

తా.క.: స్క్రీన్ మీద ప్లాస్టిక్ కాగితం పీకెయ్యనా అని మీ తమ్ముడుగారు అడిగారు. పీకొద్దని చెప్పండి. అది కంపెనీ వేసిన పొర, పీకితే స్క్రీన్‌కి రక్షణ పోతుంది. కొత్త ఫ్రిజ్ మీద కవరు పదేళ్ళు ఉంచే మనవాళ్ళు, ఉంచాల్సిన దాన్నే పీకుతామంటారు.

•

ఎడ్లపాడు

ఫర్హీన్‌కి,

గోపాలకృష్ణయ్య పళ్ళు కొరుక్కుంటూ రాయునది.

ప్లాస్టిక్ కాగితం సంగతి వాడికి నేను చెప్పను. మేం మాట్లాడుకోం. మీ ఉత్తరం గోడ మీద రాయి కింద పెట్టాను, వాడే చదువుకున్నాడు.

అమ్మ చెయ్యి లేవదన్న మాట చదివాక నాకు ముద్ద దిగలేదు. పెదకోటయ్యని మళ్ళీ పిలిచాం. ఆయన "నడిమి గోడ ఇద్దరిదీ. దాని మీద పెడితే ఎవడూ ఎవడింటికీ వచ్చినట్టు కాదు" అన్నాడు. స్టాండ్ గోడ మీద పెట్టాం. వాడు అటునుంచి స్క్రీన్ అందులో దించాడు. టీవీ మా వరండాలో పెట్టాం. వెలిగింది. అది వెలిగింది కాబట్టి మీ మీద సగం కోపం తగ్గింది, మిగతా సగం ఇదిగో.

ఈ నెల అమ్మ వంతు వాడిది కాబట్టి ఆవిడ గోడకి అటు ఉంది. అటునుంచి ఆవిడకి టీవీ కనపడదు. అందుకని గోడ సగానికి కూలగొట్టించాం. ఆ ఖర్చు మీ షాపు భరించాలి.

ఇక అసలు మోసం. అమ్మకిచ్చే ముందు మిషన్ సరిగ్గా ఉందో లేదో పరీక్షించడం కొడుకులుగా మా ధర్మం. నేనిటు, వాడటు నిలబడి టెన్నిస్ మొదలుపెట్టాం. వాడు గెలిచాడు. సరే, అలవాటు లేక అనుకున్నాను. మర్నాడు గెలిచాడు. ఆ మర్నాడూ గెలిచాడు! నా కంటే చిన్నవాడు, చిన్నప్పుడు గోళీల్లో ఒక్కసారి నన్ను గెలవలేనివాడు. వాడికిచ్చిన రిమోట్ వేరే రకం అని నాకు గట్టి అనుమానం. నాకు కూడా గెలిచే రిమోట్ పంపండి. పత్తి విత్తనాలు కూడా వేయలేదు, సాయంత్రాలన్నీ ఈ పరీక్షకే పోతున్నాయి.

ఇట్లు,
గోపాలకృష్ణయ్య

తా.క.: మొన్న నా రిమోట్ చేజారి గోడ దాటి వాడి గేదెకి తగిలింది. పాలివ్వడం లేదని వాడంటున్నాడు. ఆ గేదె ముందునుంచీ అంతే. పంపకాల్లో నేను కావాలనే వదిలేశాను.

తా.క. 2: అమ్మ చెయ్యి ఇంకా లేవలేదు. పరీక్ష ఇంకా పూర్తవలేదు.

•

నరసరావుపేట

బాబాయ్ గారికి,

నమస్కారం లేదు. ఈసారి నేనూ నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

రెండు రిమోట్లూ ఒకటే. ఆడలేక మద్దెల ఓడు అనకండి. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్నట్టు, తెల్లజుట్టు వేసుకుని మీరిద్దరూ ఆడుకుంటూ అమ్మ పేరు చెబుతారా? పరీక్ష చాలు! ఈ ఉత్తరం అందిన పూటే రిమోట్ మామ్మగారికి ఇవ్వకపోతే, కన్స్యూమర్ కోర్టుకి నేనే వెళతాను.

ఫర్హీన్

తా.క.: ఆ గేదెకి మిషన్ గ్యారంటీ వర్తించదు.

•

ఎడ్లపాడు

చిరంజీవి ఫర్హీన్‌కి,

పున్నమ్మ దీవించి రాయునది. నువ్వు కోపంగా రాసిన ఉత్తరం గోడ మీద రాయి కింద ఉంటే నేనే తీసి చదివాను. బాగా తిట్టావు. కడుపు నిండింది.

నీకొక సంగతి చెప్పాలి. ఆ మిషన్ని పంచమని పెదకోటయ్యకి చెప్పింది నేనే. ఏ ముక్క ఎవరికివ్వాలో కూడా నేనే చెప్పాను. కొనేముందు నువ్వు చెప్పినవన్నీ నేను విన్నానుగా, ఒక్క ముక్క తక్కువైనా ఆడదని. మా ఆయన మంచం ముక్కలైనప్పుడు నేను ఎంత ఏడ్చానో వీళ్ళకి తెలియదు. మంచం లేకపోతే నేలమీద పడుకున్నారు గానీ ఒకడి దగ్గరికి ఒకడు పోలేదు. అంత మొండి వెధవలు. కానీ గోళీలైనా గాలిపటమైనా ఆట దగ్గర మాత్రం చిన్నప్పటినుంచీ ఆగలేరు. ఆట కోసమన్నా కలుస్తారని నా ఆశ. అప్పటిదాకా చెయ్యి లేవకపోతే పోనీ అనుకున్నాను.

కలిశారు. గోడ కూలింది. అంతా నేననుకున్నట్టే అయ్యింది. ఒక్కటే అనుకోలేదు, ఈ గాడిదలు నాకు రిమోట్ ఇవ్వరని! "ఇదొక్క ఆట అమ్మా", "ఇంకొక్కటి అమ్మా." నిన్న సాయంత్రం అడిగీ అడిగీ నా ఒళ్ళు మండిపోయింది. పొయ్యి దగ్గరున్న పత్తికట్టె అందుకుని, కూలిన గోడ దాటొచ్చి, పెద్దాడి వీపు మీద ఒక్కటేశాను. చిన్నోడు నవ్వాడు. వాడికి రెండేశాను.

ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని నా చెయ్యి వంక చూస్తున్నారు. నేనూ తలెత్తి చూసుకున్నాను. మూడో దెబ్బకి లేపిన కట్టె నా తలపైన ఉంది. పెద్దాడు "అమ్మా, చెయ్యి లేచింది" అని వీపు తడుముకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "దించబాకమ్మా, ఇంకోటి కొట్టు" అని చిన్నోడు వీపు తిప్పాడు. ఇవాళ జుట్టు నేనే ముడేసుకున్నాను. కాస్త వంకరగా వచ్చింది గానీ నాదే.

నాకు ఇంకొక మిషన్ పంపు. బిల్లు నా పేరునే రాయి. ఈ ఇద్దరికీ చెప్పొద్దు.

ఆశీస్సులతో,
పున్నమ్మ

తా.క.: ఈ ఉదయం చిన్నోడు అటకమీద నవారు దించుకుని గోడ దాటొచ్చాడు. ఇద్దరూ వరండాలో కూర్చుని మా ఆయన మంచం అల్లుతున్నారు. నాకోసమేమో అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. నిలబడి ఆడుతుంటే కాళ్ళు లాగుతున్నాయంట.