వెనక్కి తీసుకున్న సీసా

అగ్రిపీనా అక్కా,

ఇటలీ నుంచి నువ్వు మళ్ళీ పంపిన ద్రాక్షగింజల మాత్రలు అందాయి. ఇక పంపవద్దు. తలలో నరం చిట్లి మా ఆయన ఇలారియోన్ పోయి నేటికి నలభై రోజులు.

తప్పు నీది కాదు. డాక్టరు ఇచ్చిన బీపీ బిళ్ళలు మానవద్దని నువ్వు రాశావు. ఆయనే మానేశారు, పోవడానికి ఏడు నెలల ముందు. "మన తోటలో పిప్పితో పారేసే గింజలే కదే! ఇంతకన్నా మంచి మందుందా?" అని నవ్వారు. నేను ఎదురు చెప్పలేదు.

ఈరోజు కొవ్వొత్తి, రొట్టె పెట్టి, పైలోకంలో ఆయనకు చేరతాయని ఆయన పేరున వస్తువులు పంచాం. కోటు, బూట్లు ఇచ్చేశాను. ఏడుపు రాలేదు. అత్తయ్య ఆ మాత్రల సీసా కూడా ఇచ్చింది. ఆయన పెదనాన్న అందుకుని, "ఇక నాకు బీపీ బిళ్ళలెందుకు?" అన్నారు.

అందరి ముందూ సీసా లాక్కున్నాను.

"నా కొడుక్కి చేరాల్సింది లాక్కుంటావుటే, పాపిష్టిదానా!" అని అత్తయ్య అరిచింది.

"పెద్దమామయ్యా, జేబులో ఉన్న మీ బిళ్ళ వేసుకోండి. నేను చూస్తుండగా వేసుకోండి" అన్నాను.

వేసుకున్నారు.

అంతే అక్కా. ఒక్క మాట. ఇలారియోన్‌తో ఆ మాట అనడానికి నాకు ఏడు నెలల సమయం ఉండింది.

నీ చెల్లెలు