నంజు వెతికిన పేజీ

నంజు నాయనకు,

సంగటి, ఉలవచారు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. కిరసనాయిలు రేషన్ రేపటితో ఆఖరు, కార్డు గూట్లో ఉంది. ఆవుకు ఈ పూట పచ్చిగడ్డి వేయకండి, ఎండుగడ్డి చాలు. నంజు మీ అమ్మ దగ్గర ఉంది. నేను బసవనగుడిలో మా అక్క ఇంటికి వెళ్తున్నాను. ఈ రోజు జరిగిన సంగతి ఆమెకు చెప్పందే నాకు ముద్ద దిగదు.

పొద్దున ఆవు డొక్క తప్పెటలా ఉబ్బి పడిపోయింది. పక్కింటి తిమ్మరాయప్ప మామ చూసి, "ఇది దక్కేది కష్టమమ్మా" అన్నాడు. మీ పశువైద్యం పుస్తకం తెచ్చి, మొదటి పేజీ నుంచి తిప్పుతున్నాను. నంజు నా చేతిలోంచి లాక్కుంది.

"కత మాదిరి ముందునుంచి చదివితే ఎట్లమ్మా? వెనకాల పేర్ల పట్టీ ఉండాది కదా. 'క' కింద చూడల్ల" అంది. వేలు పెట్టి దించుకుంటూ పోయి, "కడుపుబ్బు, నూటపన్నెండు" అని చదివి, ఆ పేజీ తెరిచింది. అందులో చెప్పినట్టే నువ్వుల నూనెలో ఇంగువ కలిపి తాగించాం. మధ్యాహ్నానికి ఆవు తేన్చి లేచి నిలబడింది. ఇప్పుడు నెమరు వేస్తోంది.

పట్టీ చూడడం నెల రోజులుగా వంట చేస్తూ నేనే నేర్పాను. "ఏడేండ్ల బిడ్డకు ఆ పుస్తకం ఎందుకు, చించేస్తాది" అని మీరు రెండుసార్లు అటక మీద పెట్టారు. రెండుసార్లూ నేనే దించాను. ఇక పెట్టరనుకుంటాను.

మరిచాను. మీరు రాగానే నంజు ఏదైనా ఒక జబ్బు పేరు చెప్పమంటుంది. చెప్పండి. వెతకడానికి కొంచెంసేపు పడుతుంది. మీరు చెయ్యి పెట్టకండి, పేజీ తనే తిప్పాలి.