బాకా పెద్దాయన ముందు పన్ను

అక్కా, నాకే లోటూ లేదు, సిగ్గొక్కటే కొత్తగా వచ్చింది. మా బ్యాండులో బాకా ఊదే పెద్దాయన పాట మధ్యలో ఉండగా, నవ్వులాటకు బాకాను ముందునుంచి ఒక్క తట్టు తట్టాను. ఆయన ముందు పన్ను వేరుతో సహా విరిగింది. వేరు లేనిదే క్యాపు నిలవదట. బ్రిడ్జి కట్టాలంటే పక్క పళ్ళు అరగదీయాలి, లేదంటే ఎముకలో స్క్రూ బిగించాలి. "అవన్నీ నావల్ల కాదురా" అని తీసి పెట్టుకునే పన్ను కట్టించుకున్నాడు. ఊదితే అది ఊడిపోతోంది. ఇప్పుడాయన తాళాలు కొడుతున్నాడు. నన్ను తిట్టడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. స్క్రూ పన్నుకు ఒప్పించేదాకా ఇంటికి రాను.

బావ గురక తగ్గిందా? పిల్లలకు దీవెనలు. చిన్నప్పుడు నాన్న కట్టుడు పళ్ళు నేను దాచేస్తే ఆయనా ఇలాగే చేత్తో నోరు మూసుకునేవాడు, మనం నవ్వేవాళ్ళం. ఈ కార్డు నాన్నకు గట్టిగా చదివి వినిపించు.

నీ తమ్ముడు