ఏడో నంబరు వ్యాసం

జూలై 5, శనివారం
రెండు బక్కెట్ల బట్టలు. పిండి మర. పురసవాక్కంలో మా అమ్మాయి సంధ్య చుడీదారుకు లైనింగ్ గుడ్డ. ఫ్యాను రెక్కలు — మిగిలిపోయాయి. సాయంత్రం తెలుగు తరగతి.
అందరం తమిళంలో చదువుకుని ఈ వయసులో అక్షరాలు దిద్దుతున్న వాళ్లమే. ‘ఇంట్లో తెలుగే మాట్లాడాలా?’ అని రాసిన వ్యాసాలు మాస్టారు మాకే పంచారు. “ఒకరిది ఒకరు దిద్దండి. పేర్లు తీసేశాను, మొహమాటం వద్దు.” ఇరవైకి పదిహేను మార్కులు వస్తే సంఘం పత్రికలో వేస్తారట.
నాకు ఏడో నంబరు.

జూలై 6
మొదటి పేజీ బాగుంది. రెండో పేజీ...
‘నాకు తెలిసిన ఒక తల్లి, కూతురి స్నేహితులు రాగానే నోట్లో తెలుగును మింగేస్తుంది. కూతురు సిగ్గుపడుతుందని భయం. ఇలాంటి తల్లుల వల్లే మన భాష పోతోంది.’
పోపు మాడింది. మళ్లీ పెట్టాను.
ఈ సంగతి నేను ఒక్కరికే చెప్పాను. నాతో తరగతికి వచ్చే కస్తూరక్కకు.

జూలై 7
స్నేహితులు మొదటిసారి ఇంటికొచ్చిన రోజు సంధ్య వంటింట్లోకి వచ్చి గుసగుసగా — “అమ్మా, అవంగ మున్నాడి తెలుగు పేసాదమ్మా.” వాళ్ల ముందు తెలుగు వద్దట. సరేనన్నాను. ఇప్పటికీ అంతే.
పెరంబూరు స్టేషన్ మెట్ల మీద చెప్పుకుని ఏడిస్తే కస్తూరక్క నా చెయ్యి వదల్లేదు. “ఊరుకో సుగుణా. ఈడ చెప్పింది ఈడనే.”

జూలై 8
కస్తూరక్క ఫోను. “నాది ఎవురి చేతిలో పడిందో ఏమో! పత్రికలో వస్తే మా ఆడబిడ్డ మొహం చూడాల నేను.” ఎంత సంతోషమో.
ఆమె మనవడు ఆమెను తమిళంలో ‘పాట్టీ’ అనే పిలుస్తాడు. తెలుగు ముక్క రాదు. వ్యాసంలో వాడు లేడు.

జూలై 9
సంధ్య పక్కన కూర్చుని కాగితం లాక్కుంది. “ఎన్నమ్మా ఇదు, ఒరే జిలేబియా ఇరుక్కు!” అని నవ్వింది. అన్నీ జిలేబీల్లా ఉన్నాయట. తన గురించి రాసిన వాక్యం మీదే వేలు పెట్టి నవ్వింది.
దానికి తెలుగు చదవడం రాదు. బతికిపోయాను అనుకున్నాను. ఆ వెంటనే కాగితం తీసుకుని మడిచేశాను.

జూలై 10
మార్కులు పెన్సిలుతో వేయడం. చెరపడం. మనవడి సంగతి అంచున రాశాను... చెరిపేశాను. అది ఆమె నాకు చెప్పుకున్నది.

జూలై 11
వాదం — అయిదుకు నాలుగు.
ఆధారం — అయిదు. నిజమే కాబట్టి.
ముగింపు — నాలుగు.
ఎదుటి పక్షం — సున్న. ‘ఆ తల్లిని ఒక్క మాట అడిగి ఉండవలసింది’ అని రాశాను.
మొత్తం పదమూడు. ఆ సున్న న్యాయమో, నా కోపమో... రెండుసార్లు చదివినా తేలలేదు. ఇంకుతో దిద్దేశాను.

జూలై 12, శనివారం
దిద్దిన కాగితాలు తిరిగి ఇచ్చారు. కస్తూరక్క నన్ను వరండాలో పట్టుకుంది. “నీ చేతిరాత నాకు తెలీదా? నేను పేరు రాయలేదు గదే!”
“నేనూ రాయలేదక్కా.”
“ఇంత దానికా సుగుణా? ఒక్క రెండు మార్కులు...”
చెప్పులు వేసుకున్నాను. ఆమె వెనకాల రాలేదు. రైల్లో ఒక్కదాన్నే.
నలభై దాటాక పలక పట్టడానికి నేను సిగ్గుపడితే, చెయ్యి పట్టుకుని ఆ తరగతికి తీసుకెళ్లింది కస్తూరక్కే. ఆ ఋణం ఉండింది. ఆమె రాసినదాన్ని, తగ్గించకుండా, పెంచకుండా దిద్దాను.
తీరింది — అని రాసుకుంటున్నాను.